ఉప్పు వేసే మనిషి

ఇల్లు,
వంటగది బల్ల దగ్గర

చిట్టీ,

ఫోను చేస్తే ఎత్తడం లేదని నిష్ఠూరమాడుతున్నావట. ఎత్తితే నీ గొంతు వింటాను, వింటే ఏడుపొస్తుంది, నాకు ఏడుపొస్తే నువ్వు మాట మార్చేస్తావు. అడగాలనుకున్నది అడక్కుండానే ఫోను పెట్టేస్తాను. అందుకే ఈ ఉత్తరం. కాగితం మీద అయితే నువ్వు మాట మార్చేలోపు అడిగేయొచ్చు.

మీ బావ పోయి ఆరు నెలలు కావస్తోంది. బస్టాపులో బెంచీ మీద కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయాడు. అది ఎలాగో మింగాను. మింగుడుపడనిది ఇంకొకటుంది. ఆఖరి రెండేళ్లూ ఆయన నా దగ్గర ఏదో దాచాడు. ఆఫీసు నుంచి రాగానే వెనక గదిలోకి వెళ్లి కంప్యూటరు ముందు కూర్చునేవాడు. నేను టీ పట్టుకెళ్తే తెర మీద ఉన్నది మూసేసేవాడు. "ఏం లేదు, ఆఫీసు పని" అనేవాడు. ఆఫీసు పనికి తలుపు గడియ ఎందుకు?

పైగా నిద్రలో పళ్లు పటపటా కొరికేవాడు. క్లినిక్‌లో రోజంతా కట్టుడు పళ్లు చేసుకుని బతికేదాన్ని, ఏ పన్ను ఎందుకు అరిగిందో నాకు ఒకరు చెప్పాలా? మనసులో ఏదో పెట్టుకుని నోరు బిగబట్టిన మనిషి పళ్లు అవి. నేనే అచ్చు తీసి, పడుకునేటప్పుడు పెట్టుకునే తొడుగు చేసిచ్చాను. ఆ ప్లాస్టరు అచ్చు ఇంకా అలమరలో ఉంది, నీ అచ్చు పక్కనే. నీ ముందుపన్ను విరిగినప్పుడు తీసింది గుర్తుందా? అలమర తెరిస్తే రెండు నోళ్లూ నన్ను చూసి ఇకిలిస్తుంటాయి.

ఇంకోటి, నవ్వకు. ఆయన కంప్యూటరు ఇంకా నడుస్తూనే ఉంది. ఆపడానికి చెయ్యి రాలేదు. తెర చీకటిగానే ఉంటుంది. కానీ ఎప్పుడో ఒకసారి, వారానికో పదిరోజులకో, ముట్టుకోకుండానే గుర్రుమంటుంది. ఎర్రదీపం కాసేపు మిణుకుమంటుంది. మళ్లీ తనే ఊరుకుంటుంది. ఆ చప్పుడు ఆయన గొంతు సవరించుకున్నట్టే ఉంటుంది. పట్టపగలే ఒళ్లు జలదరిస్తుంది నాకు.

నువ్వు ఆయనతో ఒకే పనిలో ఉన్నావు. ఆయన పైన ఊళ్లో ఆఫీసులో, నువ్వు కింద ఆ గనిలో అయినా, ఒకరి సంగతులు ఒకరికి తెలుస్తాయి కదా. ఎవరైనా ఉన్నారా? ఉంటే ఉన్నారని చెప్పేయ్. ఆయన కోసం ఏడవాలో, ఆయన్ని తిట్టుకుంటూ ఏడవాలో తెలియక అసలు ఏడవడమే మానేశాను.

నీ అక్క

* * *

గని క్వార్టర్స్,
కిటికీ మూయని గది

అక్కా,

నీ ఉత్తరం చదివి మొదట కోపమొచ్చింది, తర్వాత నవ్వొచ్చింది. బావకి ఇంకో ఆడమనిషా? నిన్ను చూడ్డానికి పెళ్లిచూపులకి వచ్చినప్పుడే అరగంట గోడ గడియారం వైపు చూస్తూ కూర్చున్నాడని ఇప్పటికీ దెప్పుతావు కదా. ఆయనకి అంత ధైర్యం ఎక్కడిది? నాకు తెలిసి ఎవరూ లేరు. ఒట్టు.

ఆఖరి రోజుల్లో నాతోనూ ముభావంగానే ఉండేవాడనుకో. నువ్వు మర్చిపోయి ఉంటావు గానీ, మా ట్యాంకులో మొదటి మెరుపు కనపడిన వారం నేను మీ ఇంటికి భోజనానికి వచ్చాను. "బావా, దొరికిందేమో" అని పసిపిల్లలా గంతులేశాను. ఆయన సగం అన్నంలో లేచి చెయ్యి కడుక్కోడానికి వెళ్లిపోయాడు. కుళ్లుకున్నాడనుకున్నాను. కొన్నాళ్లు మనసులో పెట్టుకున్నాను కూడా.

ఇప్పుడు నా సంగతి విను. ఇంకో మెరుపు వచ్చింది. నీకు ఎన్నిసార్లు చెప్పినా ఆవలిస్తావు కాబట్టి కాగితం మీద చెబుతా, ఆవలించినా నాకు కనపడదు. నక్షత్రాలు తిరిగే తీరు చూస్తే, లోకంలో మన కంటికి కనపడనిదేదో బోలెడంత బరువు ఉందని లెక్కలు చెబుతాయి. అదేమిటో ఇంతవరకు ఎవరూ పట్టుకోలేదు. అందుకే పాత గని అడుగున, పై నుంచి ఏ సందడీ చేరని చోట, ఇంత పెద్ద ట్యాంకులో గడ్డకట్టే చలిలో ద్రవం పోసి, చుట్టూ యంత్రాల కళ్లు పెట్టి కాపలా కాస్తున్నాం. ఆ కనపడనిది ఎప్పుడైనా ఒక అణువుకి తగిలితే చిన్న మెరుపు. అంతే. ఆ మెరుపు కోసం నా జుట్టు నెరిసింది.

అయితే ఒక మెలిక ఉంది. ఇన్నేళ్లు ఎదురుచూసిన వాళ్లకి ఏ మెరుపైనా అదేననిపిస్తుంది. అందుకని మా దగ్గర ఒక పద్ధతి. ఎవరో ఒకరు రహస్యంగా మధ్యమధ్యలో దొంగ మెరుపులు కలుపుతారు. దాన్ని ఉప్పు వేయడం అంటాం. ఏది అసలు, ఏది ఉప్పు తెలియకుండానే మేం లెక్కలన్నీ ముగించాలి. ముగిశాక అందరి ముందూ మూత తీస్తారు, అంటే ఏవి ఉప్పో బయటపెడతారు. ఉప్పు వేసేది ఎవరో బయటి సంస్థలో ఒక్కరికే తెలుసు. మాలో ఎవరికైనా ముందే తెలిసిపోతే, వాళ్లు నోరు మూసుకుని లెక్కల నుంచి తప్పుకోవాలి.

కానీ ఉప్పు ఇన్నిసార్లు వేయరక్కా. ఇక్కడ మా అందరి మీదా ఉండే పెద్దావిడ పైకి గంభీరంగా ఉంటుంది గానీ, నిన్న లిఫ్టులో కూనిరాగం తీస్తుంటే విన్నాను. చలికాలం మొదట్లో మూత తీస్తాం. అసలువే అయితే, నీ చెల్లెలి బతుకు ఊరికే పోలేదన్నమాట.

నీ చిట్టి

* * *

ఇల్లు

చిట్టీ,

ఆవలించలేదు. రెండుసార్లు చదివాను.

ఆ భోజనం నాకు బాగా గుర్తుంది. నువ్వు నీ ధోరణిలో ఉన్నావు, నేను వెనకాలే వెళ్లాను. ఆయన కుళాయి తిప్పి ఊరికే మొహం మీద నీళ్లు కొట్టుకుంటున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఏమైంది?" అంటే "కారం కళ్లలో పడింది" అన్నాడు. ఆ రోజు వంటలో కారమే లేదు, నీకు కడుపులో మంట అని వేయలేదు. కుళ్లుకున్న మనిషి ఏడవడు చిట్టీ. మరి ఎందుకు ఏడ్చినట్టు? నీ ఉత్తరంతో నా అనుమానం తీరకపోగా ఇంకొకటి చేరింది.

ఇల్లు ఖాళీ చేస్తున్నాను. యజమాని కొడుకు కాపురం పెడతాడట. క్లినిక్ పైనే చిన్న గది చూసుకున్నాను. మొన్న గురువారం మధ్యాహ్నం ఇంటికి తెచ్చుకున్న పని చేసుకుంటూ ఒక పెద్దాయన పై వరసకి మైనంలో పళ్లు గుచ్చుతున్నాను. గోడ అవతల ఆ పెట్టె మళ్లీ గుర్రుమంది. చేతిలో కోరపన్ను జారి టీ కప్పులో పడింది. గదిలోకి వెళ్లి చూస్తే ఎర్రదీపం మిణుకుమంటోంది, ఎదురుగా ఆయన కుర్చీ ఖాళీ. "ఏం కావాలి మీకు?" అని పైకే అడిగాను. పిచ్చిదాన్ని అయిపోతున్నాను.

ఇక లాభం లేదు. పాత సామాన్ల వాడిని రమ్మన్నాను. కుర్చీ ఉంచుకుంటా, ఆ పెట్టెని మాత్రం ఇచ్చేస్తా.

అక్క

* * *

గని క్వార్టర్స్

అక్కా,

ఆ పెట్టెని ఇవ్వకు. ఎవరినీ ముట్టుకోనివ్వకు. కరెంటు తీయకు. ఇల్లు మారడం కొన్నాళ్లు ఆపగలిగితే ఆపు. ఎందుకని అడగకు.

అది ఎప్పుడు గుర్రుమన్నదీ ఇకమీద నాకు రాయకు. ఎవరితోనూ అనకు.

ఇక్కడ అంతా మామూలే. చలి మొదలవుతోంది.

చిట్టి

* * *

ఇల్లు

చిట్టీ,

ఇదేం ఉత్తరం? మందుల చీటీ కూడా ఇంతకంటే పెద్దగా ఉంటుంది.

"ఎందుకని అడగకు." ఈ మాట నేను రెండేళ్లు విన్నాను. అదే మాట, అదే నొక్కు. మొదటి ఉత్తరంలో ఒట్టు పెట్టి జోకులు వేసినదానివి, ఆ పెట్టె మాట ఎత్తగానే నోరు కుట్టేసుకున్నావు. మెరుపుల గురించి పేజీలు రాసినదానివి ఈసారి ఒక్క ముక్క రాయలేదు. అంటే ఆ పెట్టెలో ఏముందో నీకు తెలుసు.

నిన్న సాయంత్రం అలమర తెరిచాను. రెండు అచ్చులూ పక్కపక్కనే ఉన్నాయి. నా చేత్తోనే పెట్టాను. ఇన్నాళ్లూ చూస్తున్నా, నిన్న మాత్రం చూడలేక తలుపు మూశాను.

రాయడానికి సిగ్గుగా ఉంది. రాయకపోతే చచ్చిపోతాను. ఆ మనిషివి నువ్వేనా?

కాదని ఒట్టు పెట్టకు. ఆ పెట్టెలో ఏముందో చెప్పు, చాలు. చెప్పకపోతే ఆదివారం పాత సామాన్ల వాడు వస్తాడు.

* * *

గని క్వార్టర్స్

అక్కా,

ఆ మాట రాయడానికి నీకు చెయ్యెలా వచ్చింది? ఉత్తరం పట్టుకుని మెట్ల మీద కూలబడ్డాను. అటుగా పోయేవాళ్లు ఎవరైనా పోయారా అని అడిగారు. నిజమే, ఎవరో పోయినట్టే ఉంది.

కాదు. నేను కాదు, ఇంకెవరూ కాదు. ఇంతకు మించి ఒక్క ముక్క చెప్పినా తప్పవుతుంది. చెప్పలేకపోవడం ఎంత నరకమో ఈ వారమే తెలిసింది. నీ గురువారం ఉత్తరం చదివిన రోజే పెద్దావిడ దగ్గరికి వెళ్లాను. "నాకు తెలియకూడనిది ఒకటి తెలిసింది, నన్ను లెక్కల నుంచి తప్పించండి" అన్నాను. ఆవిడ నా మొహం చూసి ఏమీ అడగలేదు. అడగకూడదు కూడా. నా బల్ల ఇంకొకరికి ఇచ్చారు. నన్ను పంపుల పనికి వేశారు. రేపు కనిపెట్టామని ప్రకటిస్తే ఆ కాగితం మీద నా పేరుండదు. ఇన్నేళ్ల చాకిరీ వదులుకున్నదాన్ని నీకు అబద్ధం చెబుతానా?

తోటివాళ్లు కొత్త మెరుపు వచ్చినప్పుడల్లా నన్ను పిలిచి చూపిస్తున్నారు, పాపం పనిలోంచి తప్పుకుందని జాలితో. నేను నవ్వుతున్నాను. నవ్వి, పక్కకొచ్చి గోడ పట్టుకుని నిలబడుతున్నాను.

నేను నీకంటే చిన్నదాన్ని. ఎప్పుడూ ఏదో ఒకటి అడుగుతూనే ఉన్నాను, నువ్వు ఇస్తూనే ఉన్నావు. ఇదొక్కటి ఇవ్వు. మూత తీసేదాకా ఆ పెట్టెని ఉండనీ. ఆ రోజే అంతా రాస్తాను. ఆ తర్వాత నా మొహం చూడనంటే నీ ఇష్టం.

చిట్టి

* * *

ఇల్లు,
వెనక గది

చిట్టీ,

పాత సామాన్ల వాడిని గుమ్మంలోంచే పంపేశాను. ఇంటి యజమాని కాళ్లావేళ్లా పడి గడువు తీసుకున్నాను.

నిన్ను నమ్మాననుకోకు. నమ్మలేదు, నమ్మకుండా ఉండనూ లేకపోతున్నాను. పని ఈ గదిలోకే తెచ్చుకున్నాను. ఆయన కుర్చీలో కూర్చుని పళ్లు చేసుకుంటున్నాను. అది గుర్రుమంటే ఉలిక్కిపడటం మానేశాను. ఎప్పుడన్నదీ రాయవద్దన్నావు, రాయడం లేదు. క్లినిక్‌లో నా పక్కన కూర్చునే మీ పెద్దావిడ చెల్లెలు "మీ చెల్లి పంపుల పనిలోకి ఎందుకు మారింది?" అని గుచ్చిగుచ్చి అడిగింది. ఏం చెప్పను? నాకు తెలిస్తే కదా.

ఈ గదిలో కూర్చుంటే ఆయన ఉన్నట్టే ఉంటుంది. ఉండి, నాతో మాట్లాడనట్టు ఉంటుంది. బతికున్నప్పుడూ అంతే కదా అనిపిస్తుంది.

త్వరగా తీయండి మీ మూత.

అక్క

* * *

గని క్వార్టర్స్,
మూత తీసిన సాయంత్రం

అక్కా,

ముందు కూర్చో. ఆ గదిలోనే, ఆ కుర్చీలోనే కూర్చో.

ఉప్పు వేసింది బావ.

పెద్ద హాల్లో అందరం కూర్చున్నాం. బయటి సంస్థ మనిషి దూరం నుంచి తెర మీదికి వచ్చాడు. ముందు పేరు చెప్పాడు. వెనక నుంచి ఎవరో "ఆయన పోయాడు కదండీ" అన్నారు. "అవును, నాకు తెలుసు" అన్నాడతను. "యంత్రం నడుస్తూనే ఉంది. ఆపితే మీరు పసిగడతారని నేను ఆపించలేదు." తర్వాత ఒక్కో మెరుపు వచ్చిన వేళ చదివాడు. మా దగ్గరున్న వేళలతో సరిపోతూ వచ్చాయి. మొదటిది సరిపోయింది. నేను మీ ఇంట్లో గంతులేసిన మెరుపు అదే. అలా సరిపోతూనే వచ్చాయి, ఆయన పోయాక వచ్చినవి కూడా. నీ కోరపన్ను టీలో పడిన గురువారం మధ్యాహ్నంది కూడా. చివరికి ఒక్కటి కూడా మిగల్లేదు. అన్నీ బావవే. ఆ కనపడనిది మాకు ఒక్కసారి కూడా కనపడలేదు. పెద్దావిడ కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకుంటూ కూర్చుంది. నాకు ముందే తెలిసినా, ఒక్కటైనా మిగలదా అని ఆఖరి దాకా ఆశపడ్డాను. మిగల్లేదు.

ల్యాబులో పెడితే ఎవరి కంటైనా పడుతుందని ఆ పెట్టెని ఇంట్లో పెట్టుకున్నాడు. అది గుర్రుమన్నప్పుడల్లా ఇక్కడ, ఇంత లోతున, మా తెర మీద ఒక మెరుపు. పోయిన మనిషి నెలల తరబడి మమ్మల్ని పలకరిస్తూనే ఉన్నాడు. మేమేమో దాన్ని లోకరహస్యమనుకుని సంబరపడ్డాం.

ఉప్పు వేసేవాడు కట్టుకున్నదానికి కూడా చెప్పకూడదు, అది నియమం. పైగా నీ సంగతి ఆయనకి తెలుసు. నీ నోట్లో నువ్వుగింజ నానదు, క్లినిక్‌లో నీ పక్కన కూర్చునేదేమో పెద్దావిడ చెల్లెలు. అందుకే తలుపు గడియ వేసుకున్నాడు. ఆ రోజు నేను అన్నం ముందు గంతులేస్తుంటే, అది తన చేత్తో వేసిన ఉప్పేనని ఆయనకి తెలుసు. చెప్పడానికి లేదు. అందుకే వెళ్లి కుళాయి తిప్పుకున్నాడు. నీ దగ్గర దాచింది ఇంతే అక్కా. దాచలేక పళ్లు కొరుక్కున్నాడు.

ఇక ఆ పెట్టెతో పని లేదు. వెనక వైపు కింద నల్ల మీట ఉంటుంది. నువ్వే ఆపు. ఇంకెవరి చేతా ఆపించకు.

నీ చిట్టి

* * *

ఇల్లు,
సామాన్లు సర్దిన హాలు

చిట్టీ తల్లీ,

ఏడ్చాను. ఇన్ని నెలలదీ కలిపి ఏడ్చాను. పక్కింటావిడ తలుపు కొట్టింది. "మా ఆయన పోయారండీ" అన్నాను. "ఇప్పుడా?" అంది పాపం. అవును, నాకు ఇప్పుడే పోయాడు.

ఆపే ముందు ఒకసారి గుర్రుమంటుందేమోనని పొద్దున నుంచీ కూర్చున్నాను. అనలేదు. మీట నొక్కాను. గది ఎంత నిశ్శబ్దమైపోయిందో చెప్పలేను. ఆ చప్పుడంటే భయపడి చచ్చినదాన్ని, ఇప్పుడు చెవులు రిక్కించుకుని దాని కోసమే చూస్తున్నాను.

కోపం కూడా వచ్చిందిలే. నాకు చెబితే ఊరంతా టముకు వేస్తానా? వేస్తాను. అది నిజమే. అయినా ఒక్కసారి నన్ను నమ్మి చూడాల్సింది.

నిన్ను అన్న మాటకి ఏం చెప్పను. ఉత్తరాల్లో తుడిచేయడం కుదరదు. వచ్చినప్పుడు నా చెంప నీ చేతికిస్తాను, నీ ఇష్టం. నా వల్ల నీ బల్ల పోయింది, అది గుర్తొస్తే ముద్ద దిగడం లేదు.

అన్నట్టు, ఇప్పుడు మళ్లీ మొదలుపెడతారట కదా. ఈసారి ఉప్పు ఎవరు వేస్తారు?

అక్క

* * *

గని క్వార్టర్స్,
ఎండలు వచ్చాక

అక్కా,

ఇన్నాళ్లు రాయలేదని తిట్టుకోకు. పని ఎక్కువగా ఉంది. నువ్వు అన్న మాట నేను ఎప్పుడో మర్చిపోయాను, ఆ చెంప నీ దగ్గరే ఉంచుకో.

కొత్త ద్రవం పోశారు. పెద్దావిడ లెక్కల బల్ల దగ్గరికి తిరిగి రమ్మంది. నేనే వద్దన్నాను. పంపులే బాగున్నాయి. సాయంత్రాలు గదిలోనే ఉంటున్నాను, ఏవో చిన్నచిన్న పనులు ఉంటాయి.

పోయిన వారం ఒక మెరుపు వచ్చింది. హాల్లో అందరూ ఒకరినొకరు పట్టుకుని ఊగిపోయారు. నా బల్ల దగ్గర ఇప్పుడు కూర్చునే అమ్మాయి పరిగెత్తుకొచ్చి నా మెడ చుట్టూ చేతులు వేసింది. "ఇది అసలుదే అయ్యుంటుంది కదండీ?" అంటోంది. నేను కాసేపటికి మొహం కడుక్కోడానికి వెళ్లాను. ఇక్కడ దుమ్ము ఎక్కువ.

ఉప్పు సంగతి అడిగావు. ఎవరో ఒకరు వేస్తారు. మాకు తెలియదు.

పొద్దున లేచేసరికి దవడలు రెండూ పట్టేసి ఉంటున్నాయి. చలిగాలి తగిలిందేమో. కొత్త గదిలో సర్దుకున్నావా? బావ కుర్చీ పట్టిందా?

చిట్టి

* * *

క్లినిక్ పైన గది

చిట్టీ,

కుర్చీ పట్టింది. కిటికీ దగ్గర వేశాను.

నువ్వు రాసింది చదివాను. ఎండాకాలంలో చలిగాలి ఎక్కడ తగిలిందని నేను అడగను. సాయంత్రాలు ఏం పనులని కూడా అడగను. నువ్వు సెలవుల్లో వచ్చినప్పుడు గడియ ఉన్న గదే ఇస్తాను. టీ గుమ్మం బయట పెట్టి వెళ్తాను.

నిన్న పెద్దావిడ చెల్లెలు నా బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది. "ఈసారి ఉప్పు వేసేది ఎవరో మీ చెల్లికి ఏమైనా తెలుసేమో, మీతో అనలేదా?" అంది. మైనం కరుగుతోంది, చూసుకోవాలి, కాస్త జరగమన్నాను. నాకు పళ్ల గురించి తప్ప ఏమీ తెలియదన్నాను.

అలమరలోంచి నీ అచ్చు తీశాను. ఇంతకుముందు ఎప్పుడో తీసిందైనా సరిపోతుంది. తొడుగు చేసి దీంతో పంపుతున్నాను. మొదట్లో నోట్లో రాయి పెట్టుకున్నట్టు ఉంటుంది, నాలుగు రోజులకి అలవాటవుతుంది. మీ బావ కూడా అలాగే విసుక్కున్నాడు. పడుకునేటప్పుడు పెట్టుకో. పొద్దున చన్నీళ్లతోనే కడుగు, వేణ్ణీళ్లు తగిలితే వంకర పోతుంది.

నీ అక్క